గురి వెనక ఉన్నవాళ్ళు

ఊరంతా లీటాను మెచ్చుకుంది, ఒక్క అత్తగారు తప్ప.

మా పడమటి టెక్సస్ ఊళ్ళలో మెచ్చుకోలుకైనా ఓదార్పుకైనా ఒకటే పద్ధతి. వండి తెచ్చి గుమ్మంలో పెట్టి పోతారు. లీటా మొగుడు వేలండ్ మెబ్రీ పోయినప్పుడు వచ్చిన గాజు పళ్ళేలు వంటింటి ఫ్రీజరులో పట్టక గరాజులో ఉన్న పెద్ద ఫ్రీజరులోకి కూడా ఎక్కాయి. కోడిమాంసం, నూడుల్సు, చీజు కలిపి కాల్చి, పైన రేకు కప్పి, పళ్ళెం తిరిగి పంపడానికి అడుగున ఇంటిపేరు అంటించిన వంటలు. వాటిలో ముప్పాతిక వంతు, ఆ ఆదివారం చర్చి వేదిక మీద పాటకు నిలబడ్డ పిల్లల తల్లులు పంపినవే.

అత్తగారు ఐవా వాటిని ముట్టలేదు. డెబ్భై దాటిన మనిషి, పొద్దున్నే చిక్కటి కాఫీ, రాత్రికి చిక్కుడుగింజలు ఉడకేసుకుని మొక్కజొన్న రొట్టెతో ఇంత తిని పడుకునేది. "ఆ తల్లులు వండింది నా గొంతు దిగదే," అని మొదటి వారమే తేల్చేసింది. "వాళ్ళ పిల్లలు దక్కినందుకు చేసుకున్న పండగ వంట అది. పైన రేకు కప్పితే చావు వంటయిపోతుందా?"

ఆ ముసలావిడ నోరు చెడ్డదే కానీ ఆ మాటలో అబద్ధం లేదు. ఆ తల్లులు వచ్చి లీటాను కావలించుకుని ఏడ్చేవాళ్ళు, ఏడుస్తూనే వాళ్ళ మొహాల్లో సంతోషం తన్నుకొచ్చేది. దాచుకోవాలని చూసేవాళ్ళు పాపం. దాగుతుందా?

ఆ ఇంట్లో ఇక మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు. లీటాకు పిల్లల్లేరు. ఐవాకు వేలండ్ ఒక్కడే కొడుకు. ఇద్దరి మధ్యా ఒకే ప్రశ్న ఉంది, అది తేలితే తప్ప ఒక కప్పు కింద బతకలేరు. చేతిలో తుపాకి ఉండి, గురి కుదిరి ఉండి, లీటా ముందే ఎందుకు కాల్చలేదు?

*

రెండేళ్ళ కిందట ఎక్కడో ఇంకో కౌంటీ చర్చిలో కాల్పులు జరిగాయని విని మా పాస్టరుగారు కాపలా దళం పెడదామన్నాడు. మగవాళ్ళందరూ చేతులెత్తారు. రాయిస్ టిల్లరీ దగ్గర శిక్షణ పూర్తి చేసినవాళ్ళనే తీసుకుంటాం అనేసరికి ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. మా దగ్గర పాలపళ్ళు ఊడకముందే పిల్లాడి భుజానికి రైఫిలు ఆనించి కుందేలును చూపిస్తారు. అలాంటివాళ్ళ దగ్గర ఫీజు తీసుకుని కాల్చడం నేర్పుతాననడం తాతకు దగ్గులు నేర్పడమే.

"రాయిస్‌కి డబ్బు కట్టి నేను తుపాకి నేర్చుకోవాలా?" అన్నాడు వేలండ్ ఆ రాత్రి భోజనాల దగ్గర. "రేపు మా ఆవులకి గడ్డి తినడం నేర్పే బడి కూడా పెడతాడు వాడు."

"నేను వెళ్తాను," అంది లీటా.

వేలండ్ నవ్వాడు. "వెళ్ళవే. ఇంట్లో ఒక్కళ్ళకైనా చదువుండాలి."

ఐవా నవ్వలేదు. "ఆరేళ్ళప్పుడు మా నాన్న నా చేతికి తుపాకిచ్చి కోళ్ళగూట్లో దూరిన గిలకపాముని చూపించాడు. కాల్చాను. చచ్చింది. అదీ శిక్షణంటే," అని గిన్నెలు తీసుకుని లేచిపోయింది.

లీటా వెళ్ళడానికి కారణం పెద్దదేం కాదు. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. చర్చికొచ్చే పిల్లల్లో సగం మంది పొద్దున్నే ఆమె బస్సెక్కేవాళ్ళు. వాళ్ళలో ఎవరికి బస్సులో వాంతవుతుందో, ఎవరు పొద్దున తినకుండా వస్తారో ఆమెకు తెలుసు. ఆ పిల్లలు కూర్చునే చోట కాపలా ఉండాలంటే, నేర్చుకున్నవాళ్ళే ఉండాలి కదా అనుకుంది. అంతే.

రాయిస్ ఒకప్పుడు డిప్యూటీ షెరీఫుగా చేసినవాడు. పొట్ట ముందుకు, గొంతు లోపలికి. ఊరి బయట రోడ్లకు సున్నపురాయి తవ్వగా మిగిలిన పెద్ద గొయ్యిలో నేర్పేవాడు. మొదటి రోజే వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి చెప్పాడు: "మీకు కాల్చడం నేర్పను. మీకది పుట్టుకతోనే వచ్చు. మీ జబ్బే అది. కాల్చకుండా ఉండటం నేర్పుతా. అది రావడానికి కాలం పడుతుంది, మోకాళ్ళు పగుల్తాయి, నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి."

తిట్టుకున్నారు. సగం మంది మానేశారు కూడా. చివరిదాకా మిగిలింది లీటా, పశువుల డాక్టరు, బ్యాంకులో పనిచేసే ఒక కుర్రాడు. ఆ గోతిలో రాయిస్ మనిషి ఆకారంలో అట్టలు నిలబెట్టేవాడు, వాటి వెనక నీలంరంగు పీపాలు దొర్లించేవాడు. పీపా అంటే ఎవరి బిడ్డో అనుకోవాలి. అట్ట వెనక పీపా కనపడుతుంటే కాల్చకూడదు. నోరు మూసుకుని, గురి దించకుండా, పక్కకు జరగాలి. అట్ట వెనక ఒట్టి మట్టిగట్టు వచ్చేదాకా జరగాలి. వచ్చాక కాల్చాలి. ఎండలో, గాలిదుమ్ములో, ఊపిరాడకుండా పరిగెత్తించాక, చెవి దగ్గర అరుస్తుండగా, అదే పని. అట్ట వంక కాదు, అట్ట వెనక్కి చూడటం లీటాకు త్వరగా వచ్చింది. రోజంతా అద్దంలో వెనక సీట్లు చూస్తూ ముందుకు బండి నడిపే మనిషి. కొన్నాళ్ళకు ఆమె అనుకునే లోపే కాళ్ళు జరిగేవి.

"నీ కాళ్ళకి వచ్చేసిందమ్మా," అన్నాడు రాయిస్ ఒకరోజు. "ఇక నీ బుర్ర వద్దన్నా అవి చేస్తాయి."

అది పొగడ్త అనుకుని ఆమె ఇంటికొచ్చి చెప్పుకుంది కూడా.

ఇంకో మాట కూడా చెప్పాడు రాయిస్, ఆఖరి రోజు, నీళ్ళు తాగుతూ: "ఫీజు ఒక ఖర్చే కాదు. అసలు ఖర్చు తర్వాత ఉంటుంది. నేర్చుకోనివాడు ఏదైనా జరిగితే కంగారులో చేశానంటాడు, లోకం సరేనంటుంది. మీకా సాకు ఉండదు. మీరు చూశారు. చూసి చేశారు. దాంతో బతకాలి."

ఆ ఖర్చులో చిల్లర అప్పుడే మొదలైంది. హోటల్లో ఆమె గోడకు ఆనుకుని తలుపు కనపడేలా కూర్చునేది. "నా పెళ్ళాం నా మొహం చూసి మాట్లాడి నెలయింది," అని వేలండ్ అందరికీ చెప్పేవాడు. "మాట నాతో, చూపు నా వెనక తలుపుతో. తలుపుకే విడాకులిప్పించాలి." అందరూ నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వేది, నవ్వుతూనే తలుపు చూసేది.

*

జారెట్ కూప్ అనేవాడు పెళ్ళాన్ని కొట్టేవాడు. చిన్నగా కాదు. ఫిబ్రవరిలో ఆ అమ్మాయి చెయ్యి విరిగి, చంటిబిడ్డతో చర్చి వంటగదిలోకి వచ్చి కూర్చుంది. వేలండ్ చర్చి పెద్దల్లో ఒకడు. తన ట్రక్కులో ఆమెనూ బిడ్డనూ ఎక్కించుకుని అమరిల్లో పట్నంలో ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే ఇంటికి చేర్చి వచ్చాడు. ఎక్కడ దించాడో ఎవరికీ చెప్పలేదు. జారెట్ దాణా కొట్టు దగ్గర పదిమందిలో నిలబడి, వేలండ్ సంగతి చూస్తానన్నాడు. షెరీఫుకు చెప్పారు. షెరీఫు జారెట్‌కు చెప్పాడు. చెప్పడం అయితే అయింది.

ఏప్రిల్లో ఆ ఆదివారం పిల్లల పాట ఉంది. పిల్లలు వేదిక పక్క తలుపులోంచి వరసగా వచ్చి మూడు మెట్ల మీద నిలబడ్డారు. వాళ్ళ వెనక ఆ తలుపు గడియ ఎవరూ వెయ్యలేదు. ఆ వారం కాపలా వంతు లీటాది. తన చోట, వెనక బెంచీలో పెద్ద తలుపు పక్కన కూర్చుంది. కోటు కింద నడుముకు ఒర, ఒరలో పిస్టలు. వేలండ్, ఐవా ముందు నుంచి రెండో బెంచీలో ఉన్నారు.

జారెట్ ఆ పక్క తలుపులోంచే వచ్చాడు. చేతిలో పొట్టి షాట్‌గన్. మెట్ల ముందుకొచ్చి జనం వైపు తిరిగి నిలబడ్డాడు. పాట సగంలో ఆగింది. "వేలండ్!" అన్నాడు. "దాన్ని ఎక్కడ పెట్టావురా?"

వేలండ్ లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టి మామూలు గొంతుతో, "జారెట్, పిల్లలు భయపడతారు. మనం బయటికెళ్ళి మాట్లాడుకుందాం రా, నాన్నా," అన్నాడు.

అప్పటికే లీటా లేచింది. పిస్టలు చేతిలో ఉంది. గురి జారెట్ గుండెల మీద నిలిచింది. గురి వెనక పిల్లలున్నారు. తెల్ల చొక్కాలతో, నోళ్ళు తెరుచుకుని, ఆమె బస్సెక్కే పిల్లలు. అందరి పేర్లూ ఆమెకు తెలుసు.

ఆమె కాళ్ళు జరిగాయి. వెనక గోడ వెంబడి, ఎడమ పక్కకు, గురి దించకుండా. ఇంకాస్త జరిగితే వాడి వెనక ఇటుక గోడ వస్తుంది. వేలండ్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్కసారి అతని కళ్ళు ఆమె వైపు తిరిగి వెంటనే మళ్ళీ జారెట్ మీదికి పోయాయి. పక్కన ఐవా మాత్రం తల పూర్తిగా వెనక్కి తిప్పి చూసింది. కోడలు తుపాకి ఎత్తి పట్టుకుని, కాల్చకుండా, పక్కకు నడుస్తోంది.

షాట్‌గన్ పేలింది. ఆ వెంటనే వాడి వెనక ఇటుక గోడ వచ్చింది. లీటా రెండుసార్లు కాల్చింది. జారెట్ పడిపోయాడు.

అంబులెన్సు దూరంగా ఉన్న కౌంటీ కేంద్రం నుంచి రావాలి. అది వచ్చేసరికి వేలండ్ లేడు. ఐవా ఒళ్ళో తల ఉంది. పిల్లల్లో ఒక్కరికీ చిన్న గీత కూడా పడలేదు.

*

షెరీఫు వచ్చాడు, రాష్ట్ర పోలీసులు వచ్చారు, కేసు పెట్టాలా వద్దా తేల్చే గ్రాండ్ జ్యూరీ కూర్చుని లేచింది. ఎవరూ ఆమెలో తప్పు పట్టలేదు. రాయిస్ చర్చిలో టేపు పెట్టి కొలతలు తీసి షెరీఫుకు రాసిచ్చాడు. తర్వాత ఇంటికొచ్చి వంటింట్లో టోపీ చేతుల్లో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"నువ్వు చేసింది, నేను నేర్పింది, రెండూ ఒకటే," అన్నాడు. "వెంట్రుకవాసి తేడా లేదు."

"నా భయమూ అదే రాయిస్ గారూ," అంది లీటా. "అక్కడ జరిగింది నేను కాదు, నా కాళ్ళు. మీ దగ్గరికి రాకపోయుంటే అక్కడే కాల్చేసేదాన్ని కదా?"

రాయిస్ టోపీ తిప్పడం ఆపాడు. "కాల్చేదానివి."

"తగిలేదా?"

"తగిలేది, చాలా మటుకు. తగిలాక ఆ తూటా ఎక్కడ ఆగేదో నేను చెప్పలేను. ఎవడైనా చెప్పాడంటే వాడు అబద్ధాలకోరు."

ఆమెకు జారెట్ చావు గురించి ఏమీ అనిపించలేదు. అలా ఏమీ అనిపించకపోవడం ఒక్కటే భయపెట్టేది. నిద్రలో వచ్చేది వాడు కాదు, తెల్ల చొక్కాలు కూడా కాదు. వేలండ్ కళ్ళు ఒక్కసారి ఇటు తిరిగి అటు పోవడం. ఏం చెప్పాడా చూపుతో? కాల్చు అన్నాడా? జరుగు అన్నాడా? ఆమె పక్కకు జరగడానికి వీలుగా వాడిని మాటల్లో పెట్టాడా? అడగడానికి మనిషి లేడు.

కొత్త వాళ్ళకు శిక్షణ మొదలవుతోందనీ, పేరు చెప్పకుండా ఆమె సంగతి వాళ్ళకు చెప్పనా అనీ రాయిస్ వెళ్ళబోతూ అడిగాడు.

"చెప్పండి," అంది లీటా. "పిల్లలు బతికారు అన్న దగ్గర ఆపకండి. ఆ తర్వాతది కూడా చెప్పండి."

*

జూన్లో ఒక సాయంత్రం గ్రిసమ్ వాళ్ళావిడ ఇంకో పళ్ళెం తెచ్చింది. ఈసారి పీచు పళ్ళు పెట్టి కాల్చిన తీపి. ఆవిడ వెళ్ళాక లీటా దాన్ని బల్ల మీద పెట్టి, రెండు గిన్నెల్లోకి తీసింది.

"కొంచెం తినండి అత్తయ్యా. నన్ను చూసి కాకపోతే ఒంటిని చూసుకుని తినండి."

ఐవా గిన్నె వంక చూసి పక్కకు నెట్టింది. "కూర్చో," అంది. "ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడుగుతా."

లీటా కూర్చుంది.

"నేను తల తిప్పి చూశాను. నీ చేతిలో తుపాకి ఉంది. వాడి మీదే ఉంది. అవునా?"

"అవును."

"వాడు ఇంకా కాల్చలేదు. నా కొడుకు నిలబడి మాట్లాడుతున్నాడు. నువ్వేమో, సంతలో పళ్ళు ఏరుకునేదానిలా పక్కకి నడిచావు."

"వాడి వెనక పిల్లలున్నారత్తయ్యా."

"ఎవరి పిల్లలే?" ముసలావిడ గొంతు పెరిగింది. "ఎవరి పిల్లలు? నీ పిల్లలా? నా మనవలా? నాకు ఉన్నది వాడొక్కడు. ఊరందరికీ బిడ్డలు మిగిలారు. నాకు గాజు పళ్ళేలు మిగిలాయి. పేర్లంటించి పంపారు, కడిగి తిరిగివ్వాలట!"

లీటా బల్ల అంచు పట్టుకుంది. "కాల్చుంటే వాళ్ళలో ఎవరో ఒకరు..."

"కాల్చుంటే వాడు చచ్చేవాడు. నేనైతే తలుపులో అడుగు పెట్టగానే కాల్చేదాన్ని. డబ్బు కట్టి నేర్చుకోలేదు కాబట్టి. నా కొడుకు నీకు మొగుడు మాత్రమేనే. వాడిని కన్నది నేను."

ఇలాంటి మాట అన్నాక ఎవరైనా లేచి వెళ్ళిపోతారు. లీటా వెళ్ళలేదు. ఆ ముసలావిడ తప్ప ఆమెకు వేలండ్ గురించి మాట్లాడే మనిషి లేదు, తిట్టడానికైనా సరే. చెప్పుకోవాలంటే కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడే వ్యవహారం. అత్తగారి కోపం తీర్చడానికి ఏం చెయ్యాలో తెలిస్తే చేసేసేది.

"రేపు నన్ను ఆ గోతి దగ్గరికి తీసుకెళ్ళు," అంది ఐవా. "ఆ జారెట్ ఎలా నిలబడ్డాడో అలాగే అట్ట పెట్టమను రాయిస్‌ని. నేను చూపిస్తా."

*

రాయిస్ ఒప్పుకోలేదు. "అమ్మా, వద్దు. దీనివల్ల ఎవరికీ మంచి జరగదు," అన్నాడు.

"మంచి జరగడానికి రాలేదు నాయనా," అంది ఐవా. చేతిసంచిలోంచి మొగుడి పాత రివాల్వర్ తీసింది. దాన్ని పట్టుకున్న తీరు చూసి రాయిస్ ఇంక వాదించలేదు. ఆ చెయ్యి ముసలిదే కానీ, పని తెలిసిన చెయ్యి.

లీటా కూడా వద్దనలేదు. నిజం చెప్పాలంటే తనకూ చూడాలనే ఉంది.

గోతిలో గాలి లేదు. సున్నపురాయి మీద ఎండ కొట్టి కళ్ళు మూసుకుపోతున్నాయి. రాయిస్ తన కొలతలు గుర్తు చేసుకుంటూ ఒక పెద్ద అట్టను నిలబెట్టాడు. దాని వెనక, మెట్లున్నట్టు మట్టి పోసి, చిన్న అట్టలు వరసగా గుచ్చాడు. పీపాలు కాదు, అట్టలే కావాలంది ఐవా. దాచిపెట్టడం ఏమీ లేదు. అన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. లీటా ఎక్కడ నిలబడిందో అక్కడ కాలితో గీత గీశాడు. ఐవా ఆ గీత మీదకొచ్చి నిలబడింది.

చెవులకు మూతలు పెట్టుకున్నారు. ఐవా ఊపిరి సగం వదిలి, ఆపి, కాల్చింది.

ముగ్గురూ నడిచి వెళ్ళి చూశారు. పెద్ద అట్టకు సరిగ్గా గుండె దగ్గర రంధ్రం. డెబ్భై దాటిన మనిషి గురి అది. చర్చి మగవాళ్ళలో సగం మందికి రాదు.

"చూశావా?" అంది ఐవా కోడలితో. గొంతులో గెలుపు లేదు, ఏడుపుంది.

రాయిస్ పెద్ద అట్ట వెనక్కి నడిచాడు. చిన్న అట్టల్లో రెండో వరసలో ఒకదానికి, పై భాగంలో, ఇంకో రంధ్రం ఉంది. "అట్ట కాబట్టి దూసుకొచ్చింది," అన్నాడు. "మనిషయితే లోపలే ఆగొచ్చు. ఆగకపోవచ్చు. ఇది సాక్ష్యం కాదమ్మా. దీన్ని పట్టుకుని మీరు బాధపడొద్దు, లీటాని బాధపెట్టొద్దు."

ఐవా ఆ చిన్న అట్ట ముందుకొచ్చింది. "ఇక్కడ ఎవరు నిలబడ్డారు?" అని అడిగింది.

లీటా చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఆవిడ అడిగాక అబద్ధమాడలేకపోయింది. "మ్యాటీ గ్రిసమ్," అంది. "నిన్న తీపి తెచ్చినావిడ కూతురు. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. మీరు దాని గౌనుకి అంచు కుట్టిచ్చారు, ఈస్టరుకి."

ముసలావిడ తలూపింది. నెమ్మదిగా గీత దగ్గరికి తిరిగి నడిచింది. రాయిస్, లీటా ఇంకా అట్టల దగ్గరే ఉన్నారు.

"జరగండి," అంది ఐవా.

"అమ్మా, అయిపోయింది కదా," అన్నాడు రాయిస్.

"జరగమన్నానా!"

వాళ్ళు పక్కకొచ్చారు. ఐవా మళ్ళీ రివాల్వర్ ఎత్తింది. ఈసారి గురి చూస్తూ చాలాసేపు ఆగింది. పెద్ద అట్టను చూసింది, దాని వెనక రెండో వరస అట్టను చూసింది. లీటాకు ఆవిడ కళ్ళు ఒకదాని మీంచి ఒకదాని మీదికి పోవడం కనపడింది. అప్పుడు కాల్చింది. పెద్ద అట్టలో మొదటి రంధ్రం పక్కనే ఇంకో రంధ్రం.

ఐవా తుపాకి దించి, గుళ్ళు తీసేసి, రాయిస్ చేతిలో పెట్టింది.

"మొదటిసారి తెలియక కాల్చాననుకో," అంది. "ఇప్పుడు తెలిసే కాల్చాను. పేరు తెలిసీ, మొహం తెలిసీ. నా కొడుకు దక్కుతాడంటే మళ్ళీ కాలుస్తాను."

రాయిస్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ళు ఆ గోతిలో ఎంతమందికో నేర్పాడు. ఈ మాటకు జవాబు అతని చదువులో లేదు.

*

తిరిగి వస్తూ ట్రక్కులో పత్తిచేల పక్కన మలుపు దాటాక, "ఇంటికెళ్ళి నా పెట్టె సర్దు. నన్ను ఆల్మా దగ్గర దించు," అంది ఐవా. ఆల్మా ఆవిడ చెల్లెలు, ప్లెయిన్‌వ్యూలో ఒంటరిగా ఉంటుంది.

లీటా ట్రక్కును రోడ్డు పక్కన ఆపేసింది. "అత్తయ్యా, నా మీద కోపం ఉంటే తిట్టండి. కొట్టండి. ఇంట్లోనే ఉండి చెయ్యండి అదంతా. నాకు మీరు తప్ప..."

"నీ మీద కోపం ఎక్కడుందే? నిన్నటిదాకా ఉంది," అంది ఐవా. కిటికీ అద్దంలోంచి చేల వైపు చూస్తోంది. "నువ్వు తప్పు చేశావనుకున్నాను. భయపడ్డావో, బుర్ర తిరిగిపోయిందో, ఆ రాయిస్ గాడి పిచ్చి చదువో ఏదో అనుకున్నాను. ఏదో ఒక రోజు క్షమించేసేదాన్ని. ముసలిదాన్ని, ఎన్నాళ్ళు పట్టుకు వేలాడతాను? క్షమించి నీతోనే పడి ఉండేదాన్ని. ఇవాళ నా చేత్తో నేనే చూసుకున్నాను. నువ్వు చేసిందే సరయినది. నేనైతే ఆ పిల్లని చంపేదాన్ని, చంపి నా కొడుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. నీది తప్పు కాదు. తప్పు కానిదాన్ని ఎలా క్షమించనే?"

"తప్పేనంటాను," అంది లీటా. ఏడుపు ఆపుకోలేకపోయింది. "నాదే తప్పంటాను అత్తయ్యా. రోజూ అంటాను. పాస్టరు ముందు కూడా అంటాను. మీరు ఉండండి."

ఐవా మొదటిసారి చెయ్యి చాచి కోడలి చేతి మీద పెట్టింది. ఎంతోసేపు ఉంచలేదు. "పోనియ్యి బండి," అంది.

ప్లెయిన్‌వ్యూ చేరేసరికి, ముందే ఫోను అందుకున్న ఆల్మా వరండాలో ఎదురుచూస్తోంది. లీటా పెట్టె దించి మెట్ల మీదికి మోసింది. ఐవా లోపలికి వెళ్ళబోతూ గడపలో ఆగింది, ఎందుకో.

"ఆదివారం ఫోను చేస్తాను," అంది లీటా.

"చెయ్యకు," అంది ఐవా. మెత్తగానే అంది. చీదరింపు లేదు, దెప్పిపొడుపు లేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.

లీటా మెట్లు దిగి ట్రక్కెక్కింది. తాళంచెవి తిప్పకుండా ఆ తలుపు వంక చూస్తూ కూర్చుంది. ఆ తలుపు విసురుగా వేసుంటే, కోపం ఎప్పటికైనా తగ్గుతుందని ఆశ పెట్టుకునేది.